తలుపు బయటి గిటారు

పాట మీకు తెలుసు. పేరు రాయనక్కర్లేదు. మొదటి చరణానికి ముందు వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. కాస్త ఖాళీ. ఇక రాదేమో అనిపించేసరికి స్టీల్ గిటారు వస్తుంది. ఎక్కడో కింద మొదలై, జారుకుంటూ పైకి పోయి స్వరం మీద నిలబడుతుంది. ఆ ఖాళీ మీద పెద్దపెద్దవాళ్లు వ్యాసాలు రాశారు. విరహం అన్నారొకరు. దేవుడి కోసం ఎదురుచూపు అన్నారు ఇంకొకరు. ఆ పాట రికార్డు చేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. దేవుడు రాలేదు.

ఆ రికార్డులో మరకాస్ వాయించింది నేను. చిన్నపిల్లల గిలక్కాయల్లాంటివే, రెండు చేతుల్లో పట్టుకుని తాళానికి ఆడించాలి. ఆర్కెస్ట్రాలో నన్ను అందరూ గిలక అనేవాళ్లు. పాటలో నేను ప్రత్యేకంగా వినపడను. లేకపోతే మాత్రం ఏదో తగ్గిందంటారు. ఇంట్లో మా ఆవిడా అలాంటి మనిషే. పోయాక తెలిసింది.

రేడియో అమ్మాయి వచ్చినప్పుడు నేను గిన్నెలు తోముకుంటున్నాను.

"బాబాయ్‌గారూ, గిలక అంటే మీరేనా?"

"ఇప్పుడెవరూ అలా పిలవడం లేదు. నువ్వెవరమ్మా?"

చెప్పింది. రేడియో స్టేషన్లో పాత పాటల విభాగం చూస్తుందట. ఆ రికార్డు మళ్లీ వేస్తున్నారట. ఈసారి అట్ట మీద వాయించిన వాళ్లందరి పేర్లూ ఉంటాయట. అప్పట్లో పాడినవాళ్ల పేరు, రాసినవాళ్ల పేరు, ట్యూను కట్టిన డైరెక్టరు పేరు వేసేవాళ్లు. మిగతా మేమంతా వాద్యబృందం.

"ఇప్పుడెందుకు? చాలామంది పోయారు."

"పోనివాళ్లూ ఉన్నారుగా. మీ పేరు రాసుకున్నాను."

"మరకాస్‌కి కూడానా? అట్ట మీద చోటు మిగిలిపోయినట్టుంది."

నవ్వింది. కుర్చీ చూపించాను. రెండో కుర్చీ మీద ఉతికిన బట్టలున్నాయి. తీసి మంచం మీద పడేసి నేనూ కూర్చున్నాను.

"అందరి పేర్లూ దొరికాయి. గిటారు దగ్గరే ఆగిపోయాం" అంది. "మాస్టారే వాయించారని ఆయన శిష్యులు అంటున్నారు."

స్టీల్ గిటారంటే ఆ రోజుల్లో మాస్టారే. సగం పాటల్లో ఆయనే. కచేరీకి వెళ్తే జనం ఆ ముక్క అడిగేవారు. ఆయన వాయించేవారు, ఆ ఖాళీతో సహా. అది నాదే అని ఎన్నడూ అనలేదు. నాది కాదనీ అనలేదు.

"శిష్యులంతా చెప్తుంటే రాసేయి. ఇంకేం కావాలి?"

"రాసేసేదాన్నే. మాస్టారి పాటలన్నీ వరసపెట్టి విన్నాను బాబాయ్‌గారూ. ఈ పాటకు ముందు ఆయన ఎక్కడా ఆలస్యంగా అందుకోలేదు. తర్వాతి పాటల్లోనే ఆ ఆలస్యం వచ్చింది. సొంత అలవాటైతే మొదటినుంచీ ఉండాలి కదా. ఎవరి దగ్గరో విని నేర్చుకున్నట్టుంది."

ఆ పిల్లవి మంచి చెవులు.

"ఆ గిటారు ఎవరిదో తెలిస్తే చెప్పమని రేడియోలో అడిగాం. పోయిన వారం ఒకాయన స్టేషన్‌కి ఫోన్ చేశారు. ఆ గిటారు నేనే వాయించాను అన్నారు. నమ్మడం ఎలాగండీ అంటే, మా బావ తలుపు దగ్గర నిలబడ్డాడు, ఆయన్ని అడగండి అన్నారు. మీ చిరునామా ఇచ్చారు."

"కాఫీ తాగుతావా?" అని లేచాను. వంటగదిలోకి వెళ్లాక ఇంట్లో పాలు లేవని గుర్తొచ్చింది. కాసేపు అక్కడే నిలబడి వెనక్కి వచ్చాను. ఆమె కాఫీ సంగతి అడగలేదు.

"మీరు అవునంటే ఆయన పేరు, కాదంటే మాస్టారి పేరు" అంది. "అక్కడున్న వాళ్లలో మిగిలింది మీరిద్దరే. స్టేషన్‌కి వచ్చి మైకులో ఒక్క మాట చెప్తే చాలు. ఆయన కూడా వస్తానన్నారు."

"అయితే నేను రాను."

"వేర్వేరు గదుల్లో కూర్చోబెడతాను."

"వేర్వేరు ఊళ్లలో కూర్చోబెట్టగలవా?"

మళ్లీ నవ్వింది. నేను నవ్వలేదు. అది చూసి నవ్వు ఆపేసింది. ఆమె గుమ్మం దాకా వెళ్లాక, వస్తానులే అన్నాను. ఆ క్షణంలో మాస్టారి పేరు చెప్పాలనే నా ఉద్దేశం.

ఎందుకో చెప్తాను.

ఫోన్ చేసినవాడు మా బావమరిది, మా ఆవిడ తమ్ముడు. తల్లి లేకపోతే ఆవిడే పెంచింది. మా పెళ్లయ్యాక ఆవిడతోపాటు వాడూ మా ఇంటికి వచ్చాడు. పనీపాటా ఏమీ అబ్బలేదు. మాస్టారి దగ్గర గిటారు నేర్చుకుంటానన్నాడు. వాడికి వేళ అంటే లెక్క ఉండేది కాదు. భోజనానికి ఆలస్యం, పాఠానికి ఆలస్యం. మాస్టారే వాడికి నత్త అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది.

ఆ పాట రికార్డింగు రోజు మాస్టారికి ఒళ్లు తెలియని జ్వరం. తన గిటారిచ్చి నత్తను పంపారు. మా పనిలో అది మామూలే. ఎవరిని పిలిస్తే వాళ్ల పేరు మీద ఇంకొకరు వచ్చి వాయించి పోతారు. గిటారు వచ్చిందా అని అడుగుతారు గాని, దాని వెనక మనిషెవరని అడగరు. నత్త ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి అందరూ మైకు చుట్టూ కూర్చుని శ్రుతి చూసుకుంటున్నారు.

గది మధ్య ఒక్కటే మైకు. మెత్తగా మోగేవి దగ్గర, గట్టివి దూరం. మరకాస్ చప్పుడును మైకు ఇట్టే పట్టేస్తుంది కనుక నన్ను అందరికంటే వెనక, తలుపు పక్కన నిలబెట్టేవారు. స్టీల్ గిటారును ఒళ్లో పడుకోబెట్టి వాయిస్తారు. కుడిచేతి వేళ్లకు ఇనుప గోళ్లు తొడుక్కుని తీగలు మీటాలి, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరపాలి. చప్పుడు కరెంటు పెట్టెలోంచి వస్తుంది. ఆ రోజు ఆ పెట్టె గుయ్యిమని ఒకటే రొద. రికార్డింగు ఇంజనీరుకు చిర్రెత్తింది.

"దాన్ని బయట పెట్టండి, మనిషితో సహా" అన్నాడు.

నత్తను వరండాలో స్టూలు మీద కూర్చోబెట్టి తలుపు ఓరగా తెరిచి ఉంచారు. వాడికి డైరెక్టరు కనపడడు. లోపలి పాట సందులోంచి వినాలి. ఎప్పుడు అందుకోవాలో నేను చెప్పాలి. డైరెక్టరు చెయ్యి దించుతాడు, అది చూసి నేను దించుతాను, నన్ను చూసి వాడు కడ్డీ జరుపుతాడు. ఆ ఖాళీ అంతా అదే. ఒక చేతి నుంచి ఇంకో చేతికి పట్టిన సమయం.

మొదటిసారి విన్నప్పుడు డైరెక్టరు మొహం చిట్లించాడు. మళ్లీ వేయించుకుని విన్నాడు. "అలాగే ఉండనివ్వండి" అన్నాడు.

పాట మోగిపోయింది. నత్త అప్పుడప్పుడు రికార్డింగుల్లో వాయించాడు, హోటళ్లలో వాయించాడు, తర్వాత ఏదో ఊళ్లో స్థిరపడ్డాడు. నాకు వాడి మీద అప్పట్లో కోపమేం లేదు. తోడబుట్టినవాడిలాగే చూసుకున్నాను.

మా ఆవిడ మంచాన పడ్డాక వాడికి కబురు చేశాం. రేపు వస్తానన్నాడు. మళ్లీ చేశాం. ఎల్లుండి అన్నాడు. ఆస్పత్రిలో ఆవిడ మంచం తలుపుకు ఎదురుగా ఉండేది. ఎవరి చెప్పుల చప్పుడు వినపడినా తల తిప్పేది. "తమ్ముడేనా?" అనేది. నర్సయితే నర్సు అని చెప్పేవాణ్ణి. చివరికి అడగడం మానేసి, తల మాత్రం తిప్పేది. అది ఇంకా కష్టంగా ఉండేది.

మాస్టారు వచ్చేవారు. అప్పటికే కర్ర లేకుండా నడవలేని మనిషి, రెండు బస్సులు మారి పళ్లు తీసుకుని వచ్చేవారు. ఏవో కబుర్లు చెప్పి ఆవిణ్ణి నవ్వించేవారు. ఆవిడ పోయిన రోజు నా పక్కన కూర్చుని పొద్దుగూకేదాకా కదల్లేదు. ఒక్క ఓదార్పు మాట అనలేదు, అది ఇంకా మేలు. తర్వాత కొన్నాళ్లకు ఆయనా పోయారు.

నత్త అన్నీ అయిపోయాక వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. నేను తలుపు వేశాను. ఆ తర్వాత ఎన్నిసార్లు తట్టాడో, తీయలేదు. ఫోన్లో వాడి గొంతు వినపడితే పెట్టేశాను.

ఇప్పుడు వాడికి పేరు కావాలట. దానికి నా నోరు కావాలట.

చెప్పిన రోజున స్టేషన్‌కి వెళ్లాను. పొడుగాటి వరండా, గోడవారన బెంచీ, పైన ఎర్ర దీపం ఉన్న తలుపు. బెంచీ మీద ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి మోకాళ్ల మధ్య బిగించి పెట్టుకున్నాడు. దగ్గరికి వెళ్లేదాకా పోల్చలేదు.

"బావా" అన్నాడు.

ఆ పిలుపుతో నన్ను పిలిచేవాడు ఈ భూమ్మీద వాడొక్కడే. నేను బెంచీ చివర కూర్చున్నాను. మా మధ్య ఇంకో ఇద్దరు పట్టేంత చోటుంది.

"నాకంటే ముందే వచ్చావేం? దారి తప్పావా?"

"పొద్దుటే వచ్చాను. నువ్వు ముందొచ్చి వెళ్లిపోతావేమోనని."

"రావడం వచ్చన్నమాట నీకు."

తల దించుకున్నాడు. "చిక్కిపోయావు బావా. వంట ఎవరు చేస్తున్నారు?" అన్నాడు.

"ఏం, భోజనానికి వస్తావా?"

"పిలిస్తే వస్తాను."

"పిలవను."

ఎవరో కుర్రాళ్లు నవ్వుకుంటూ మా ముందు నుంచి పోయారు. వాడు వాళ్లు దూరం వెళ్లేదాకా ఆగాడు.

"బావా, ఒక్క మాట. లోపలికెళ్లి మాస్టారే వాయించారని చెప్పెయ్."

విన్నది నిజమేనా అని వాడి వైపు తిరిగాను.

"ఆయన పేరే ఉండనీ బావా. అక్కకి అంత చేశారు. ఈ వయసులో అట్ట మీద నా పేరెందుకు? చూసుకుని మురిసిపోవడానికి నాకు ఎవరున్నారు?"

"మరి ఫోన్ చేసి నేనే అని ఎందుకు కూశావు?"

"నువ్వు తలుపు తీయవు. ఫోన్లో మాట్లాడవు. రేడియోవాళ్లు పిలిస్తే వస్తావు గదా అని. ఇలా ఒక్కసారి పక్కన కూర్చోవచ్చు గదా అని."

అమ్మాయి వచ్చిపోయినప్పటి నుంచీ, వాడికి ఈ వయసులో కీర్తి కండూతి ఏమిటని తిట్టుకుంటూనే ఉన్నాను.

"అక్క మంచాన పడేటప్పటికే చేతులు వణకడం మొదలైంది బావా" అన్నాడు. మోకాళ్ల మధ్య నుంచి ఎడమచెయ్యి తీసి చూపించాడు. గాలికి ఆకు కదిలినట్టు కదులుతోంది. మళ్లీ దాచుకున్నాడు. "కడ్డీ నిలిచేది కాదు. వస్తే, ఆ ముక్క ఒక్కసారి వాయించరా అంటుందని భయం. నీకు తెలుసుగా అక్క సంగతి, అడగకుండా ఉండదు. వాయించలేకపోతే దాని మొహం చూడలేను. ఇవాళ తగ్గుతుంది, రేపు తగ్గుతుంది అనుకుంటూ..."

"నిన్ను వాయించమనలేదు. రమ్మంది."



ఎర్ర దీపం ఆరింది. రేడియో అమ్మాయి తలుపు తీసి మా ఇద్దరినీ, మా మధ్య ఉన్న చోటునీ చూసింది. "బాబాయ్‌గారూ, మీరు రండి" అంది నాతో.

లోపల చల్లగా ఉంది. గోడలన్నింటికీ దళసరి గుడ్డ. నన్ను మైకు ముందు కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించింది.

"ముందు ఒకసారి వినండి. తర్వాత అడుగుతాను."

మా ఆవిడ పోయాక నేను ఆ పాట పూర్తిగా వినలేదు. ఎక్కడైనా వస్తే లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఇక్కడ లేచి పోవడానికి లేదు. పల్లవి అయింది. అన్నీ ఆగాయి. ఖాళీ వచ్చింది. అందులో ఓరగా తెరిచిన తలుపు ఉంది. దాని పక్కన నా చెయ్యి ఉంది. గిటారు అందుకుంది, మిగతావన్నీ గదిలో మోగుతుంటే అదొక్కటే వరండాలో మోగుతోంది.

ఇంట్లో రేడియోలో ఈ పాట వస్తే మా ఆవిడ పొయ్యి తగ్గించి, గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడేది. గిటారు అయిపోగానే లోపలికి వెళ్లి పొయ్యి పెంచేది. పాడేవాడు ఎంత గొంతు చించుకున్నా ఆవిడకి పట్టేది కాదు. మిగతా పాట ఎలా ఉంటుందో ఆవిడకి సరిగ్గా తెలియదంటే నమ్ముతాను. ఆవిడ వినేది పాటను కాదు.

మాస్టారని నేను అన్నాననుకోండి. అట్ట మీద అదే పడుతుంది. ఆవిడ అన్నేళ్లూ పొయ్యి తగ్గించుకుని పరాయివాణ్ణి విన్నట్టు లెక్క. మాస్టారు దేవుడిలాంటి మనిషే. కానీ ఆ గుమ్మంలో నిలబడింది ఆయన కోసం కాదు.

"చెప్పండి. గిటారు వాయించింది ఎవరు?" అంది అమ్మాయి.

"మా బావమరిది" అన్నాను. పేరు చెప్పాను. పలికి చాలా ఏళ్లయింది. ఆమె ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. వరండా, స్టూలు, తలుపు, నా చెయ్యి, అన్నీ చెప్పాను.

"అయితే ఆ ఆలస్యం..." అని ఆగింది. ఆమె కళ్లు మెరిశాయి.

"నాది. విరహమేం కాదు."

"మీ పేరు పక్కన అది కూడా రాస్తాను."

"వద్దు. మరకాస్ అని రాయి, చాలు. మాస్టారి శిష్యులు నీతో గొడవకొస్తే నా దగ్గరికి పంపించు. వాళ్ల గురువు ఎంత మంచివాడో నేను చెప్పినట్టు వాళ్లు చెప్పలేరు."

బయటికి వచ్చేసరికి వాడు లేచి నిలబడి ఉన్నాడు. వరండాలోని స్పీకర్లో అంతా వినపడిందట.

"ఎందుకు చెప్పావు బావా? వద్దన్నానుగా."

"వాయించింది నువ్వే."

వాడి మొహం ఒక్కసారి విప్పారింది. పేరు చెప్పాను గనుక మనసు కరిగిందనుకున్నాడు. ఆ తప్పు ఎవరైనా చేస్తారు. రెండడుగులు దగ్గరికి వచ్చాడు. ఎడమచేతిని దాచుకోవడం మరిచిపోయాడు.

"ఆదివారం రానా బావా? ఏమీ వద్దు, ఊరికే కాసేపు కూర్చుని వెళ్తాను."

"వద్దు."

"పోనీ ఎప్పుడు రమ్మంటావు?"

"నువ్వు అడిగించింది పేరు. ఇచ్చాను. ఇక నీకూ నాకూ ఏం లేదు."

"నేనడిగింది అది కాదు బావా."

"తెలుసు" అన్నాను.

అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చింది. వాణ్ణి మెల్లగా లోపలికి రమ్మంది, ఆయనవీ నాలుగు మాటలు కావాలంది. వాడు నన్ను చూస్తూనే వెళ్లాడు. తలుపు మూసుకుంది. పైన ఎర్ర దీపం వెలిగింది. ఇప్పుడు లోపల ఉన్నది వాడు, వరండాలో ఉన్నది నేను. అక్కడ నిలబడాల్సిన పని లేదు. వచ్చేశాను.

స్టేషన్ ఎదురుగానే బస్టాపు. నీడలేని చోటు. మా పేటకు వెళ్లే బస్సు వచ్చింది. ఖాళీగానే ఉంది. కండక్టరు నన్ను చూసి, "తాతా, ఎక్కుతావా లేదా?" అన్నాడు. తర్వాత దానికి వస్తానన్నాను. వాడు విసుక్కుంటూ గంట కొట్టాడు.

స్టేషన్ గేటు వైపు చూస్తూ కూర్చున్నాను. లోపలి నుంచి ఒక జీపు వచ్చింది. టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఒక ఆడమనిషి వచ్చింది. గేటు దగ్గరి కాపలావాడు కుర్చీ నీడలోకి జరుపుకున్నాడు. నాలుగు మాటలకు ఇంతసేపు పట్టదు. వెనక వైపు ఇంకో దారి ఉందేమో, అటు పోయాడేమో.

వచ్చినా నేను మాట్లాడేవాణ్ణి కాదు.

ఇంకో బస్సు వచ్చింది. ఎక్కాను.